తట్ట మొయ్యని మెట్లు

మెట్ల మేస్త్రి ఇల్లెక్కడని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెయ్యెత్తి చూపిస్తారు. గోడలు కట్టే మేస్త్రులు వీధికి నలుగురు దొరుకుతారు. గోడ కాస్త వంకరపోయినా పైన రంగు వేసి కప్పెట్టొచ్చు. మెట్టు వంకరపోతే కప్పెట్టడానికి లేదు, ఎక్కినవాడి కాలు పట్టేసుకుంటుంది. అందుకే పని మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ నలుగురు మేస్త్రులూ తల గోక్కుని ఇతనికే కబురు పెట్టేవారు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే వరస.

మేస్త్రికి ఒక అలవాటుంది. మెట్లు కట్టడం పూర్తయి, తడి ఆరి, చెక్కలు ఊడదీశాక ఇంటివాళ్లందరినీ కింద నిలబెట్టి తను పైకెక్కుతాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుని దిగుతాడు. గోడ ముట్టుకోడు. కాలు ఎక్కడా తడుముకోకపోతే మెట్లు అప్పగించినట్టు. తడుముకుందా, ఆ మెట్టుకి ఆయుష్షు మూడినట్టే. ఒకసారి ఒక డాక్టరుగారింట్లో పదకొండో మెట్టు దగ్గర టక్కున ఆగి, "ఇది పొట్టిది" అన్నాడు. డాక్టరుగారు టేపు తెచ్చి కొలిస్తే తేడా పావంగుళం.

"పోనీవయ్యా, పావంగుళం ఎవడికి తెలుస్తుంది?" అన్నారాయన.

"నా కాలికి తెలిసిందిగా" అన్నాడు మేస్త్రి. సుత్తి తెప్పించి, నిక్షేపంలాంటి మెట్టుని పగలగొట్టి మళ్లీ కట్టాకగానీ భోజనానికి కూర్చోలేదు.

అడిగితే పెద్ద ఉపన్యాసమే ఇచ్చేవాడు. "మొదటి రెండు మెట్లూ కాలు నేర్చుకుంటుంది. మూడోదాన్నుంచి నమ్ముతుంది. నమ్మిన కాలిని మోసం చేస్తే ఆ పాపం మేస్త్రిదే" అనేవాడు. వినేవాళ్లు ఆవలింత ఆపుకుంటున్నా పట్టించుకునే రకం కాదు.

ఇంత చేసిన మనిషి ఇంటికి ఒక్కటంటే ఒక్క మెట్టు లేదు. నేలకి అంటుకున్న రెండు గదులు, వెనక చిన్న పెరడు, పెరట్లో గోడవారగా ఒక స్నానాల గది. ఇంత ఇంట్లోనే ముప్పై ఆరేళ్ల కాపురం చేశాడు.

భార్యని అందరూ మేస్త్రమ్మ అంటారు. పెళ్లయిన నెలకే ఆవిడ పనిలోకి దిగింది. కింద సిమెంటు కలిపి, తట్టకెత్తి, తలమీద చుట్టకుదురు సర్దుకుని, ఆ తట్ట పైకి చేరవేసేది. మేస్త్రి అందుకుని పని చేసేవాడు. ఖాళీ తట్టతో దిగేది, నిండు తట్టతో ఎక్కేది. ముప్పై ఒక్క ఏళ్లు అలా ఎక్కి దిగి, అయిదేళ్లకిందట మోకాళ్లు మొరాయిస్తే ఆపింది. ఆపిన రోజున కూడా ఫిర్యాదేమీ చెయ్యలేదు. చుట్టకుదురు ఉతికి, ఆరేసి, మడిచి బీరువాలో పెట్టుకుంది.

ఆ బీరువా తలుపుకి లోపలివైపు ఒక బొమ్మ అంటించి ఉంటుంది. దాని సంగతి చెప్పాలి.

పెళ్లయిన కొత్తలో ఒక ముసలాయన ఇంట్లో మెట్లు కట్టారు. ఓడల్లో వంటపని చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయన గోడకి పాత క్యాలెండరు బొమ్మ ఒకటి వేలాడేది. మధ్యధరా సముద్రం ఒడ్డున, కొండని పట్టుకుని పాకినట్టు ఒక పాత నగరం. ఇళ్లమధ్య వీధులు లేవు, అన్నీ మెట్లే. నిండు తట్ట నెత్తిమీదుండగానే మేస్త్రమ్మ ఆ బొమ్మ ముందు ఆగిపోయింది.

"ఇవన్నీ మెట్లేనా తాతా?" అని అడిగింది.

"మెట్లేనమ్మా. ఆ ఊళ్లో బండి తిరగదు. పెళ్లికూతురైనా పాలవాడైనా మెట్లెక్కి పోవాల్సిందే. ఎప్పుడో రెండువేల ఏళ్లనాడు కట్టారట."

"పైకెళ్తే ఏముంటుంది?"

"ఒక రాతి బల్ల ఉంటుంది. కూర్చుంటే సముద్రమంతా కనిపిస్తుంది. ముందు నీ నెత్తిమీద బరువు దించుకో తల్లీ, నాకు చూస్తుంటేనే మెడ నొప్పెడుతోంది."

ఆ సాయంత్రం పనిముట్లు కడుగుతూ ఆవిడ మొగుడితో ఒక మాటంది. "ఏమండీ, ఎప్పటికైనా నేను ఒక్క తట్ట కూడా మొయ్యని మెట్లెక్కాలండీ. ఉత్త చేతుల్తో. పైదాకా ఎక్కి, తీరుబడిగా కూర్చోవాలి."

"అలాగే, రేపే ఓడ తెప్పిస్తాలే" అని మేస్త్రి నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆయన మర్నాటికే మర్చిపోయాడు. ముసలాయన ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ బొమ్మ తీసి ఆవిడ చేతికిచ్చాడు, అది బీరువా తలుపు మీదికి చేరింది.

ఇది జరిగిన ముప్పై అయిదేళ్లకి కూతురు ఒక వార్త మోసుకొచ్చింది. ఆ పిల్ల విమానాల కంపెనీ ఆఫీసులో టిక్కెట్ల దగ్గర పనిచేస్తుంది. పదేళ్లు పూర్తయినందుకు కంపెనీవాళ్లు తల్లిదండ్రులిద్దరికీ రాకపోకలకి టిక్కెట్లు ఇస్తారట. ఏ ఊరైనా సరే.

"మూడు నెలల్లోగా ఊరూ తేదీ చెప్పాలి. చెప్పకపోతే పోతాయి, మళ్లీ రావు" అంది కూతురు. "చెప్పండి, ఎక్కడికెళ్తారు?"

మేస్త్రి గడ్డం గోక్కుంటున్నాడు. మేస్త్రమ్మ లేచి, నెమ్మదిగా నడిచి వెళ్లి బీరువా తలుపు తీసి అలా వదిలేసింది. క్యాలెండరు బొమ్మ రంగు వెలిసి నిమ్మపండు పసుపులోకి దిగింది, మెట్లు మాత్రం ఇంకా కనిపిస్తున్నాయి. మేస్త్రి లేచి దగ్గరికెళ్లి చూశాడు. ఇన్నేళ్లూ రోజూ చొక్కా తీసుకున్నది ఆ బీరువాలోంచే. ఒక్కనాడూ ఆ తలుపు వైపు చూడలేదు.

"అక్కడికే" అన్నాడు గట్టిగా, ఎవరో అడ్డుపడుతున్నట్టు.

అడ్డుపడినవి మోకాళ్లు. వీధి చివర క్లినిక్కులో వ్యాయామాలు చేయించే ఫిజియో పిల్ల విషయం విని నోరు వెళ్లబెట్టింది. "ఎన్ని మెట్లు?" అని అడిగింది.

అప్పటికే కూతురు ఆ ఊళ్లో ఒక గది చూసి పెట్టింది. కొండ కిందే ఉన్న ఇల్లు. ఒంటరిగా ఉండే పెద్దావిడ, మేడమీది గది వచ్చేపోయేవాళ్లకి అద్దెకిస్తుంది. ఫోన్లో రాస్తే ఫోనే భాష మార్చి పంపుతుంది. ఆవిడ గుమ్మం నుంచి పైన రాతి బల్ల దాకా నూట ఇరవై ఆరు మెట్లున్నాయని ఊరివాళ్ల కరపత్రంలో ఉంది.

"నూట ఇరవై ఆరా! ఇప్పుడున్న మోకాళ్లతో పది ఎక్కితే గొప్ప" అంది ఫిజియో పిల్ల. ఇద్దరి మొహాలూ చూసి కాస్త మెత్తబడింది. "సాధన చేయించండి బాబాయ్. ఎక్కేటప్పుడు ఉన్నవాటిలో మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. గోడ పట్టుకోకుండా, మధ్యలో కూలబడకుండా అన్ని మెట్లూ ఎక్కగలిగితే నిశ్చింతగా వెళ్లండి. లేకపోతే మాత్రం వద్దు. పరాయి ఊళ్లో జారిపడితే ఆ మోకాలు మళ్లీ లేవదు."

అయితే ఇదీ లెక్క. మూడు నెలలు, నూట ఇరవై ఆరు మెట్లు, రెండు అరిగిన మోకాళ్లు.

జనం ప్రయాణం అనుకోగానే పెట్టెలు కొంటారు, స్వెట్టర్లు కొంటారు. మేస్త్రి సిమెంటు కొన్నాడు. అంతకంటే ముందు కూతురిచేత ఆ పెద్దావిడకి ఒక ప్రశ్న పంపించాడు. వేడినీళ్లు వస్తాయా, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా అని అందరూ అడిగేవేవీ కాదు. మెట్టు ఎత్తెంత అని.

రెండు రోజులకి జవాబొచ్చింది. ఇన్నేళ్లలో తనని ఎవరూ ఈ మాట అడగలేదని, కొలిచి చూశానని, ఏడంగుళాలకి పావు తక్కువని.

"భేషైన ఎత్తు. ఎవడో పనివాడే కట్టాడు" అని మేస్త్రి తల ఊపాడు.

పెరట్లో గోడ పొడుగునా, స్నానాల గది కప్పుకి చేరేలా పద్నాలుగు మెట్లు లేపడం మొదలుపెట్టాడు. తొమ్మిదిసార్లు ఎక్కితే నూట ఇరవై ఆరు. మొదటిరోజు పొద్దున్నే మేస్త్రమ్మ చీర కొంగు దోపుకుని పార పట్టుకోబోయింది.

"నువ్వు ముట్టుకోకు" అన్నాడు మేస్త్రి.

"ముట్టుకోకుండా ఏం చెయ్యను? గుడ్లప్పగించి చూస్తూ కూర్చోనా?"

"చూస్తూనే కూర్చో. ఈ మెట్లకి నువ్వు తట్ట మొయ్యడానికి వీల్లేదు."

ఆవిడ మూతి ముడుచుకుని కుర్చీ వేసుకుంది. మేస్త్రి తనే కలిపి, తనే ఎత్తుకుని, తనే పైకి మోసుకుని, తనే కట్టాడు. నేర్చుకునే రోజుల తర్వాత తట్ట నెత్తిన పెట్టుకోవడం మళ్లీ అప్పుడే. రెండో రోజు సాయంత్రానికి మెడ పట్టేసింది. మూడో రోజు నడుం వంగనంది. నాలుగో రోజు ఆరో మెట్టు మీద తట్టతో నిలబడి ఊపిరి పీల్చుకుంటూ, "ఇంత బరువుంటుందా ఇది!" అన్నాడు పైకే.

"ఒక్క తట్టకే?" అంది ఆవిడ కుర్చీలోంచి. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగింది.

మేస్త్రి తట్ట దించి కింద పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లు పైన నిలబడి చేతులు చాపితే తట్ట వచ్చేది. ఆలస్యమైతే "ఏమైందే, తొందరగా" అని అరిచేవాడు. కింద నుంచి అది ఎలా వస్తోందో వంగి చూసిన పాపాన పోలేదు. ఆ రాత్రి మెడకి మందు రాస్తున్న ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. "కదలకండి, కళ్లలో పడుతుంది" అని ఆవిడ కసిరింది. 

మెట్లు అద్దంలా వచ్చాయి. ఆరాక కళ్లు మూసుకుని దిగాడు, కాలు ఎక్కడా తడుముకోలేదు. మేస్త్రమ్మ సాధన మొదలైంది. మంచికాలు, నొప్పికాలు. మొదటిరోజు ఒకసారి ఎక్కి దిగేసరికి చెమటలు పట్టాయి. వారం తిరిగేసరికి మూడుసార్లు. రెండు వారాలకి అయిదు. ఎదురింటి టైలరు కుట్టుమిషను దగ్గర్నుంచే అరిచేవాడు. "మేస్త్రమ్మా, ఎందాకా వచ్చారు? సముద్రం కనబడుతోందా?" అని. "నీ మిషను కనబడుతోంది, పని చూసుకో" అని ఆవిడ పైనుంచే జవాబిచ్చేది. బీరువా తలుపు ఆనాటి నుంచీ మూయనే లేదు.

అలా సాగుతుండగా ఒక ఆదివారం కూతురు ఫోను పట్టుకుని వచ్చింది. పెద్దావిడ ముచ్చటపడి వీడియో తీసి పంపింది. మెట్లెక్కుతూ తన చెప్పులవైపే కెమెరా పెట్టి తీసుకుంటూ పోయింది పాపం.

"ఎంత బావుందో చూడండి నాన్నా" అంది కూతురు.

మేస్త్రి చూశాడు. మొహం మాడిపోయింది. "ఆపు. వెనక్కి పోనీ. ఇదిగో ఇక్కడ. ఈ మెట్టు చూడు, జానెడుంది. దీని పైది చూడు, అరచెయ్యంత. ఆ పైది ఒక పక్కకి వాలింది. మధ్యలో పళ్లెంలా గుంట పడింది. ఇదేం పని?"

కూతురు పెద్దావిడకి రాసింది. అక్కణ్నుంచి అమాయకంగా జవాబొచ్చింది. "మీరు మెట్టు ఎత్తు అడిగారు కదా అని మా గుమ్మం ముందుది కొలిచాను. ఇక్కడ ఏ రెండు మెట్లూ ఒక్కలా ఉండవండి."

తప్పు ఆవిడది కాదు. మేస్త్రికి ఆ సంగతి వెంటనే తెలిసింది, అందుకే కోపం రెట్టింపయింది. ఎవరైనా మామూలు మనిషి అయితే మెట్లన్నీ ఎలా ఉంటాయని అడిగేవాడు. ఒక్క మెట్టు కొలిస్తే నూట ఇరవై ఆరూ కొలిచినట్టేనని నమ్మేవాడు లోకంలో ఇతనొక్కడే. తన మెట్లు అలాగే ఉంటాయి మరి.

"ఎవడు కట్టాడో గానీ, వాణ్ని నా దగ్గరికి పంపిస్తే..." అని పళ్లు నూరాడు.

"ఆయన పోయి రెండువేల ఏళ్లయింది నాన్నా" అంది కూతురు.

నవ్వు రాలేదు మేస్త్రికి. రెండు వారాలుగా భార్య కాలికి తను నేర్పిందేమిటి? నమ్మడం. మూడోమెట్టు నుంచి చూడక్కర్లేదని చక్కగా నేర్పాడు. ఆ కాలితో అక్కడికి తీసుకెళ్తే మూడోమెట్టు దగ్గరే పడుతుంది. తన మెట్లు బావుండబట్టే పడుతుంది.

ఆ సాయంత్రం భార్య దగ్గర కూర్చుని, నేలచూపులు చూస్తూ, "వేరే ఊరేదైనా చూసుకుందాం. చదునుగా ఉండేది. పార్కులవీ ఉండేది" అన్నాడు.

మేస్త్రమ్మ వాదించలేదు. "మీ ఇష్టం" అంది. లేచి వెళ్లి బీరువా తలుపు మూసింది. గట్టిగా కూడా కాదు, మామూలుగానే మూసింది. ఆ చప్పుడు మేస్త్రికి మెడనొప్పి కంటే ఎక్కువ తగిలింది.

పొద్దున్నే కూతురికి ఫోన్ చేశాడు. "ఆ పెద్దావిడని అడుగు. అన్ని మెట్లూ కాదు, వీలైతే ఓ పది మెట్ల కొలతలు పంపమను. మీ అమ్మ మోకాళ్ల సంగతి కూడా చెప్పు. ఇబ్బందైతే వద్దను" అన్నాడు.

నాలుగు రోజులు ఏ కబురూ లేదు. విసిగిపోయి ఉంటుంది, గది కూడా ఇవ్వనంటుందేమో అనుకున్నారు. అయిదో రోజు వచ్చింది కొలతల పట్టీ. పది కాదు, నూట ఇరవై ఆరు. దర్జీల టేపుతో, రోజుకి కొన్ని చొప్పున, ఎడమ పక్క ఎంత, కుడి పక్క ఎంత, మధ్యలో అరుగుదల ఎంత, అన్నీ. అడుగున ఇలా రాసింది: "నలభై ఒకటో మెట్టు మీద పిల్లి పడుకుని కొలవనివ్వలేదు, అది అంచనా. ఎనభై మూడోది జాగ్రత్త, మా ఆయన కూడా ఎప్పుడూ అక్కడే తూలేవారు. పైన బల్ల దగ్గర ఎండ పడుతుంది, మీ ఆవిణ్ని టోపీ తెచ్చుకోమనండి."

కూతురు చదువుతుంటే మేస్త్రి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. మొహం చూసి ఎరగని మనిషి, తన భార్య మోకాళ్ల కోసం నాలుగు రోజులు తన మోకాళ్లు వంచింది. ఇలాంటివాళ్లు ఉండబట్టే ఎక్కడికైనా ధైర్యంగా వెళ్లగలమనిపించింది.

"ఏమని రాయమంటారు?" అంది కూతురు.

"దణ్ణాలు చెప్పు. వాళ్లింట్లో ఏ మెట్టయినా ఊగుతుంటే చెప్పమను, వచ్చినప్పుడు సరిచేసి వెళ్తానని రాయి."

"వీధి మెట్లు మాత్రం ముట్టుకోకండి నాన్నా. పురాతన కట్టడాలు. జైల్లో పెడతారు."

"నాకేం సరదా?" అని గొణుక్కుని మేస్త్రి సుత్తి తీసుకుని పెరట్లోకి నడిచాడు.

తన చేత్తో కట్టిన నికార్సయిన పద్నాలుగు మెట్లనీ పై పొర నుంచి పగలగొట్టాడు. టైలరు మిషను ఆపి మరీ పరిగెత్తుకొచ్చాడు. "మతిపోయిందా మేస్త్రీ? ఏం పాపం చేశాయవి?" అన్నాడు. "తిన్నగా ఉన్నాయి" అన్నాడు మేస్త్రి.

వంకరగా కట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పట్టీలోంచి పద్నాలుగు ఘోరమైన మెట్లు ఏరుకున్నాడు. అన్నీ కలిపితే ఎత్తు మళ్లీ కప్పు దగ్గర సరిపోవాలి, అదొక తలనొప్పి. దానికంటే పెద్ద తలనొప్పి చెయ్యి. వాలుగా పెట్టమంటే తాపీ దానంతటది చదును చేసేస్తోంది. మూడో మెట్టు రెండుసార్లు తిన్నగా వచ్చింది, రెండుసార్లూ తిట్టుకుంటూ పీకేశాడు. చివరికి తిన్నగా ఉందో లేదో చూసే రసమట్టాన్నీ తూకపు గుండునీ తీసుకెళ్లి టైలరుకిచ్చి, "అడిగినా ఇవ్వకు" అని చెప్పి వచ్చాడు. ఈసారి కూడా తట్టలన్నీ తనే మోశాడు. మేస్త్రమ్మ అడ్డం రాలేదు. కుర్చీలో కూర్చుని, ఆయన ఆయాసపడ్డప్పుడల్లా మంచినీళ్లిచ్చింది.

పూర్తయ్యాక చూస్తే సిగ్గేసింది. ఇన్నేళ్ల పేరు పెరట్లో గంగలో కలిసినట్టుంది. వాటి మీద కళ్లు మూసుకుని దిగే పరీక్ష ఊసే ఎత్తలేదు.

మొదటిరోజు నాలుగో మెట్టు మీద మేస్త్రమ్మ తూలింది. మేస్త్రి గబుక్కున పట్టుకున్నాడు.  ఫిజియో పిల్ల వచ్చి చూసి, "భయపడకండి పిన్నీ. ప్రతి మెట్టూ కాలితో అడిగి ఎక్కండి" అని చెప్పి వెళ్లింది. అడిగి ఎక్కడం మొదలుపెట్టింది. రోజుకి ఒక వరస, తర్వాత రెండు, తర్వాత నాలుగు. చిత్రమేమిటంటే తిన్నని మెట్ల మీద కంటే వీటి మీదే తొందరగా పుంజుకుంది. మూడు వారాలకి ఎనిమిది వరసలు ఎక్కుతోంది, గోడవైపు చెయ్యి పోవడం మానేసింది.

గడువు ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం అయిదింటికి కూతురు ఆఫీసులో పేర్లివ్వాలి. మధ్యాహ్నం నాలుగింటికి మేస్త్రమ్మ చెప్పులు బిగించుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. మేస్త్రి కింద నిలబడి గోడ మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. మూడో వరస, నాలుగో వరస. ఆరో వరస దిగేటప్పుడు ఆవిడ ఆగింది. మేస్త్రి చేతిలో సుద్ద ఆగిపోయింది. "కొంగు అడ్డమొచ్చింది" అని సర్దుకుని కదిలింది. ఏడు. ఎనిమిది. తొమ్మిదోసారి ఎక్కుతున్నప్పుడు టైలరు మిషను చప్పుడు కూడా ఆగిపోయింది.

కప్పు మీద మేస్త్రి ముందే ఒక కుర్చీ వేసి ఉంచాడు. ఆవిడ ఆఖరి మెట్టెక్కి, కుర్చీ దాకా నడిచి, తీరుబడిగా కూర్చుంది. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మేస్త్రి సంతోషం పట్టలేక రెండు గ్లాసుల్లో టీ పోసుకుని గబగబా పైకెక్కబోయాడు. ఏడో మెట్టు దగ్గర కాలు అలవాటు ప్రకారం లేచింది, మెట్టు మాత్రం రెండంగుళాలు ఎక్కువుంది. బోర్లా పడబోయి గోడని వాటేసుకున్నాడు. ఒక గ్లాసు కిందపడి ముక్కలైంది. పైనుంచి మేస్త్రమ్మ, ఎదురుగా టైలరు, ఇద్దరూ పకపకా నవ్వారు.

"మీరు కట్టిందే కదండీ!" అంది ఆవిడ.

మిగిలిన ఒక్క గ్లాసూ ఆవిడ చేతికిచ్చి మేస్త్రి పక్కన చతికిలబడ్డాడు. ఎదురుగా నాలుగు నీళ్ల ట్యాంకులు, ఎవరివో ఆరేసిన దుప్పట్లు. ఇద్దరూ ఒకే గ్లాసులోంచి మార్చి మార్చి తాగారు.

"నీకు వీటి మీద అంత తొందరగా ఎలా వచ్చింది?" అని అడిగాడు. "నాకే రావట్లేదు."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "నాకు తెలిసిన మెట్లు ఇవేగా. మీరు కడుతున్నప్పుడు అన్నీ ఇలాగే ఉండేవి. ఒకచోట ఇటుక, ఒకచోట చెక్క, ఒకచోట సగం ఆరిన సిమెంటు. నేనెక్కినవన్నీ అలాంటివే. మీరు తిన్నగా చేసేసరికి ఇంక నాకు ఎక్కే పనుండేది కాదు, ఇంకో ఇంటికి వెళ్లిపోయేవాళ్లం. మొన్న మీరు మొదట కట్టారే అద్దంలాంటివి, అలాంటి మెట్లెక్కడం నాకదే మొదలు."

ఎంత మామూలుగా చెప్పిందో. మేస్త్రి వంగి ఆవిడ పాదాలవైపు చూశాడు. నమ్మిన కాలిని మోసం చెయ్యకూడదని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఆ మెట్లన్నీ తిన్నగా రావడానికి వంకర మెట్ల మీద, నెత్తిన బరువుతో, ఒక్కసారీ జారకుండా ఎక్కిన కాళ్లు పక్కనే ఉన్నాయి.

ఫోను మోగింది. కూతురు. "అమ్మా, అయిదవుతోంది. ఏం చెయ్యమంటావ్?"

"ఇచ్చెయ్యవే, ఇద్దరి పేర్లూ" అంది మేస్త్రమ్మ. "నాకేం ఫర్వాలేదు. మీ నాన్నకే చెయ్యి పట్టుకునేవాళ్లు కావాలి. నేనుంటాలే."

ఫోను పెట్టేసి లేచింది. "పదండి. అన్ని మెట్లకీ చేసే పరీక్ష వీటికి చెయ్యలేదేం?"

"వీటికా? పళ్లు రాలతాయి."

"కళ్లు మూసుకోండి. చెయ్యిలా ఇవ్వండి."

మేస్త్రి మూసుకున్నాడు. గరుకుగా, కాయలు కాసిన ఆ అరచెయ్యి తన చేతిలోకి వచ్చింది. నొప్పికాలు ముందుపెట్టి ఆవిడ ఒక మెట్టు దిగింది. "ఇది పెద్దది, నెమ్మదిగా. ఆఁ. ఇప్పుడు పొట్టిది. ఇది మధ్యలో గుంట, అంచు మీద వెయ్యండి." ఒక్కొక్కటే చెబుతోంది, ఆయన ఒక్కొక్కటే దిగుతున్నాడు. కాలికి మెట్టు మీద నమ్మకం లేదు. చేతిమీద ఉంది.

"ఇదిగో" అన్నాడు కళ్లు మూసుకునే. "నేనెప్పుడూ చెప్పలేదు గానీ, నువ్వు మోశావు కాబట్టే నేను మేస్త్రినయ్యాను. నువ్వు లేకపోతే నేను ఒక్క మెట్టు కూడా కట్టగలిగేవాణ్ని కాదు. ఈ మాట ముప్పై ఏళ్ల కిందటే చెప్పాల్సింది."

ఆవిడ చెయ్యి ఒక్క క్షణం బిగుసుకుంది. 

"కబుర్లలో పడితే కాలు తప్పుతారు" అంది.  "ఇది కుడి పక్కకి వాలింది, చూసుకోండి."

"ఇంకా ఎన్నున్నాయి?"

"లెక్క మీకెందుకండీ?" అంది. "నేను చూస్తున్నాగా."